చిట్టబ్బాయి కలిపిన వంద

నేనొక షుగర్ మిషన్ని. ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. నెమ్మదిగా, చల్లగా నా కథ చెప్పమంటే నా వల్ల కాదు. నా మీద పడ్డ నింద మీ మీద పడి ఉంటే మీరూ ఇలాగే మాట్లాడేవాళ్లు. తప్పుడు మిషనన్నారు నన్ను! పదో పరకో అటూ ఇటూ అయితే కానివ్వండి, అది మా జాతి మొత్తానికీ ఉన్న గుణమే. కానీ వందకి వంద తేడా చూపించానన్నారు, అదీ ఒక డాక్టరు నోటితో అన్నారు. ఆ వంద ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

అసలు తప్పు నన్ను గీసిన ఇంజనీరు దగ్గరే మొదలైంది. ఆయన ఏ దేశపువాడో నాకు తెలియదు. ఏ ఏసీ గదిలోనో కూర్చుని నా కడుపులో తెలివి పెట్టాడు. చుక్క రక్తం తగిలితే చాలు, ఒంట్లో తీపి ఎంతుందో తేల్చేస్తాను. ఆ తెలివిని బయటికి చెప్పుకోవడానికి మాత్రం బొటనవేలి గోరంత తెర పెట్టాడు, బూడిదరంగు మీద నల్లటి అంకెలు. నోరు అసలు పెట్టలేదని అనను. 'కీ' మంటాను. స్ట్రిప్పు పెడితే కీ, రక్తం తగిలితే కీ, లెక్క తేలితే కీ. నూట పది వచ్చినా అదే కీ, నాలుగొందలు వచ్చినా అదే కీ. అయ్యా మహానుభావా, ఈ జబ్బు ముదిరితే కళ్లు తినేస్తుందని నీకు తెలియదా? ఆ కళ్లు పోయినవాళ్లు రోజూ నన్ను చేతిలో పెట్టుకుని ఏం చూడాలనుకున్నావు? ఒక్క పూటైనా ఈ ఆలోచన వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పెట్టెలో పడి, లారీలెక్కి, గోడౌన్లలో ఎలుకల మధ్య పడుకుని, చివరికి ఆత్రేయపురం దాపున కాలవ గట్టు మీదున్న ఒక ఊరికి చేరాను. అక్కడ ఒక పెద్దమనిషి పుట్టినరోజుకి ఉచిత వైద్య శిబిరం పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, మనిషిని మించిన ఫ్లెక్సీలు కట్టారు. ఆ రోజంతా ఊరి రక్తం రుచి చూశాను. ఒక్కొక్కరూ వేలు చాచి ముఖం అటు తిప్పుకునేవాళ్లు, సూది దిగగానే "అబ్బా" అనేవాళ్లు, అంకె వినగానే "అబ్బే, పొద్దున్న టీ తాగానండి, అందుకే అంతుంది" అనేవాళ్లు. మనుషులకి తమ ఒంట్లో ఉన్నదాని మీద ఎప్పుడూ ఏదో ఒక సాకు ఉంటుందని నాకు ఆ రోజే అర్థమైంది.

సాయంత్రానికి కొందరికి మిషన్లు బహుమతిగా ఇస్తామని మైకులో చెప్పారు. ఫోటోలు తీసే అతను వచ్చి, చూపు లేనివాళ్లెవరైనా ఉంటే వాళ్లకిచ్చినట్టు తీస్తే ఫోటో బాగుంటుందన్నాడు. వరస చివర కూర్చున్న సత్యవేణిని లేపి నిలబెట్టారు. పెద్దమనిషి నన్ను ఆమె చేతిలో పెట్టి, వదలకుండా, ఇద్దరి చేతుల మధ్యా నొక్కి పట్టుకున్నాడు.

"ఇటు చూడమ్మా! అటు కాదు, కెమెరా వైపు చూడు" అన్నాడు ఫోటో అతను. కుడికన్ను పూర్తిగా పోయి, ఎడమకంట్లో పొగమంచు తప్ప ఏమీ మిగలని మనిషిని పట్టుకుని ఆ మాటన్నాడు. సత్యవేణి గొంతు వచ్చిన వైపు తిరిగి నవ్వింది. ఫోటో అయ్యాక, "బాబూ, ఇందులో అంకె నేనెల్లా చూసుకునేది?" అని అడిగింది.

"ఇంట్లో ఎవరో ఒకరుంటారుగా అమ్మా" అని పెద్దమనిషి పక్కనున్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎవరో ఒకరట! ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సత్యవేణి పూతరేకులు చుట్టే మనిషి. చిన్నప్పటినుంచీ అదే పని, ఇప్పుడు వరహాలమ్మ అనే ఆవిడ పెట్టిన షెడ్డులో చేస్తోంది. ఉల్లిపొరకంటే పల్చటి రేకు, దాని మీద నెయ్యి, పంచదార పొడి, మళ్లీ మడత, మళ్లీ నెయ్యి. కళ్లున్నవాళ్లు గట్టిగా ఊపిరి వదిలితే చిట్లిపోయే రేకుని ఈవిడ కళ్లు మసకబారాక కూడా మునుపటికంటే బాగా చుట్టేది. ఆమె చూపంతా వేళ్ల కొసల్లోకి దిగిపోయింది. రేకు తడి ఆరిందో లేదో, నెయ్యి అంచుదాకా పాకిందో లేదో, వేలితో తాకి చెప్పేసేది. ఆ వేళ్లనే రోజూ సూదితో పొడవాలి నేను. నా పని నాకే సిగ్గుగా ఉండేది.

నన్ను ఇంటికి తెచ్చుకున్న మర్నాటినుంచే ఆమె నన్ను నేర్చుకోవడం మొదలుపెట్టింది. స్ట్రిప్పుకి ఏ కొస రక్తానికో, ఏ కొస నాకో గోటితో గీరి పోల్చుకుంది. చుక్క ఎక్కడ పొంగిందో కనబడదు కదా, అందుకని వేలిని గోరు పక్కనుంచి నొక్కుకుంటూ వచ్చి, తడి తగిలిన చోట స్ట్రిప్పు ఆనించేది. మొదట్లో చాలా స్ట్రిప్పులు పాడయ్యాయి, చీరకొంగంతా ఎర్రటి మచ్చలు. అయినా విసుక్కోలేదు. చివరికి నా 'కీ' వినబడగానే పిల్లాడికి పాసు మార్కులొచ్చినట్టు మురిసిపోయేది. అంతా తనే చేసుకునేది. తీరా అంకె నా ముఖం మీద మెరిసేసరికి, ఆమె ముఖం నా ముఖానికి ఇంత దగ్గరగా ఉన్నా, అది ఆమెకి అందేది కాదు.

"ఏవండీ, ఎంతొచ్చిందో చూడండి" అని కేకేసేది.

చూసేది చిట్టబ్బాయి. ఆమె మొగుడు. కాలవల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లాకు తలుపులెత్తడం, దించడం, గేజీ బద్ద మీద నీటిమట్టం ఎంతుందో చూసి రైతులకి చెప్పడం ఆయన ఉద్యోగం. మంచివాడు కాదనను. పెళ్లాం కళ్లు పోయిన దగ్గర్నుంచీ పొద్దున్నే కాఫీ తనే కలిపేవాడు, షెడ్డుదాకా చెయ్యి పట్టుకుని దింపేవాడు. కానీ ఆయనకి ఉద్యోగంలో అబ్బిన ఒక గుణం ఉంది. గేజీ మీద నీళ్లెంతున్నా, ఎగువ రైతులకి ఎప్పుడూ తక్కువే చెప్పేవాడు. నీళ్లు లేవనుకుంటే వాళ్లు పొదుపుగా వాడతారు, శివారు పొలాలకి ఆ మిగిలిన నీళ్లు అందుతాయి. ఒక ఏడాది ఊరంతా ఎండిపోతుంటే ఆ అబద్ధంతోనే శివారు చేలు బతికాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ఛాతీ ఇంత పొంగేది. నిజాన్ని కాస్త అటూ ఇటూ జరిపితే లోకానికి మేలే జరుగుతుందని ఆయనకి గట్టి నమ్మకం కుదిరిపోయింది.

కొన్నాళ్లు ఉన్నది ఉన్నట్టే చదివాడు. ఆమె అంకె విని, దాన్నిబట్టి పూట గడుపుకునేది, నా బతుకూ హాయిగానే ఉండేది. ఒకనాడు ఆమెని తీసుకురావడానికి షెడ్డుకి కాస్త ముందుగా వెళ్లాడు. అప్పుడు ఆమె పంచదార పొడిలో నెయ్యి కలిసింది వేలి కొసతో తీసి నాలిక మీద వేసుకుంటోంది.

"సత్యా! ఏం చేస్తన్నావే?"

"రుచి చూస్తన్నానండి. నెయ్యి మాడు వాసనొస్తందో లేదో నాలిక మీద ఏసుకుంటేనే కదా తెలిసేది. కళ్లతో చూసేదాన్నా?"

"రోజూ ఇంతేనా?"

"రవ్వంతేనండి. చీమ తలకాయంత."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాడు. ఆ వయసు మనిషితో దెబ్బలాడటం ఇష్టం లేదు, షెడ్డులో ఆడవాళ్ల ముందు పరువు తియ్యడమూ ఇష్టం లేదు. అంత పెద్దమనసు గలవాడు మర్నాడు పొద్దున్న ఏం చేశాడో చూడండి. నా ముఖం మీద నూట పన్నెండు ఉంది. నన్ను పైకెత్తి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, గేజీ బద్ద చూసినంత శ్రద్ధగా చూసి, "రెండొందల పన్నెండు" అన్నాడు.

నేను నివ్వెరపోయాను. చదవడం తప్పాడేమో అనుకున్నాను, ముసలి కళ్లు కదా. మర్నాడు నూట ఇరవైని రెండొందల ఇరవై అన్నాడు. ఆ మర్నాడూ అంతే. కచ్చితంగా వంద. తప్పు చదివేవాడు రోజూ ఒకేలా తప్పు చదవడు కదా!

స్ట్రిప్పులు కొనడానికి నన్ను చొక్కా జేబులో వేసుకుని మందుల షాపుకి వెళ్లినప్పుడు గుట్టు రట్టయింది. షాపు అతనితో గొంతు తగ్గించి గొప్పగా చెప్పుకున్నాడు.

"కాత్త ఎక్కువ చెప్తన్నానండి మా ఇంటిదానికి. బయముంటాది, నోరు కట్టుకుంటాది. ఎక్కువుంటే తక్కువని చెప్తే పెమాదం గానీ, తక్కువుంటే ఎక్కువని చెప్తే ఏం పోద్దండి?"

షాపు అతను నవ్వి, "మంచి ఐడియా అండి" అన్నాడు. మందులమ్మే మనిషి!

ఏం పోద్దో నాకు తెలుసు. ఆ ఇంట్లో నాకూ, నా పక్కన డబ్బాలో పడుకునే ఇన్సులిన్ పెన్నుకీ మాత్రమే తెలుసు. సత్యవేణి ఇన్సులిన్ తనే పొడుచుకునేది. పెన్ను వెనక మర తిప్పితే ఒక్కో యూనిట్‌కీ టిక్కుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుళ్లు లెక్కపెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని, పొట్ట మీద పొడుచుకునేది. ఆ సమయంలో మొగుణ్ణి గదిలోకి రానిచ్చేది కాదు. "నా అంతట నేను చేసుకునే పని ఇదొక్కటే మిగిలింది, ఇదైనా నాకొదిలెయ్యండి" అనేది. పొద్దున పరగడుపున రెండొందలు దాటితే మామూలు కంటే నాలుగు టిక్కులు ఎక్కువ తిప్పుకోమని డాక్టరు ఎప్పుడో, కళ్లు బాగున్న రోజుల్లో ఆమె ఒక్కతే వెళ్లినప్పుడు చెప్పాడు. ఆమె ఆ మాట తూచా తప్పకుండా పాటిస్తోంది. ఆ సంగతి చిట్టబ్బాయికి తెలియదు. ఆయన వంద కలుపుతున్న సంగతి ఆమెకి తెలియదు. ఇద్దరూ ఒకళ్ల మేలు కోసం ఒకళ్లు జాగ్రత్తగా ఉన్నారు, వాళ్ల మధ్య ఆమె ప్రాణం నలిగిపోతోంది.

అది చాలదన్నట్టు, అంకె విని హడలిపోయి తిండి తగ్గించేసింది. రెండిడ్లీలు ఒకటయ్యాయి. ఒంట్లో నిజంగా ఉన్న కొంచెం తీపినీ ఆ అదనపు టిక్కులు మింగేసేవి. ఎండ ఎక్కేసరికి షెడ్డులో ఆమెకి చెమటలు పట్టేవి, పెదాలు తిమ్మిరెక్కేవి, చేతులు వణికేవి. ఆ చేతుల కింద రేకులు చిట్లిపోవడం మొదలైంది. మొదట ఒకటీ అరా. తర్వాత పళ్లెం పళ్లెం పాడయ్యేవి. ఆమె చిట్లిన ముక్కల్ని కొంగు కింద దాచడం, నన్ను వేసుకొచ్చే సంచిలోంచి నేను చూశాను. నాకు కళ్లు లేవంటారా, తెర ఉంది కదా, అదే నా కన్ను.

వరహాలమ్మ నోరు పెద్దది గానీ మనసు మెత్తన. ఒక రోజు ఆమె పక్కన చతికిలబడి, "వదినా, నాలుగు రోజులు ఇంటికాడ ఉండి రెస్టు తీసుకోరాదా?" అంది.

సత్యవేణి ముఖం పాలిపోయింది. నాలుగు రోజులంటే ఎన్నాళ్లో ఆమెకి తెలుసు. కళ్లు పోయినప్పుడు ఆమె ఏడవలేదని వరహాలమ్మే చెబుతుంటుంది. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "ఇవీ పోతన్నాయా దేవుడా" అని కుళ్లి కుళ్లి ఏడ్చింది. చిట్టబ్బాయి పక్కన కూర్చుని ఓదార్చాడు. నేను అక్కడే, గూట్లో, ఆ పొద్దుటి నూట పధ్నాలుగు కడుపులో పెట్టుకుని ఉన్నాను. నీ చేతులకేమీ కాలేదమ్మా, నీ చేతులు బంగారం, నీకు ఎవరో అబద్ధం చెబుతున్నారు అని అరవాలనిపించింది. ఎవరైనా బొత్తాం నొక్కితే 'కీ' మనేదాన్ని. అంతే నా తాహతు.

డాక్టరు దగ్గరికి వెళ్లారు. పట్నంలో పెద్ద క్లినిక్కు, బయట వంద చెప్పుల జతలు. డాక్టరు సత్యవేణిని ఒక్కసారి కూడా పలకరించలేదు. కళ్లతో పాటు చెవులు కూడా పోయాయనుకున్నాడో ఏమో, అన్నీ మొగుణ్ణే అడిగాడు. "ఆవిడకి పొద్దున ఎంతుంటోందండి? ఆవిడ అన్నం తింటున్నారా? ఆవిడకి నిద్ర పడుతోందా?" ఆమె మధ్యలో, "బాబూ, చేతులు వణుకుతన్నాయి, చెమటలు పడతన్నాయి" అంటే, "వయసమ్మా, బలహీనత" అని కాగితం మీద ఏదో టానిక్కు రాశాడు.

అప్పుడు పరీక్ష రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు చక్కగా ఉంది, మరీ చక్కగా ఉంది. డాక్టరు కనుబొమలు ముడేశాడు. "ఇంట్లో రోజూ రెండొందల పైన చూపిస్తోందంటున్నారు. ఇక్కడ చూస్తే ఇంత బాగుంది. మీ మిషను తప్పు చూపిస్తోందండి. అవతల పారేసి కొత్తది కొనుక్కోండి."

నన్ను ఆయన చూడనైనా లేదు! బల్లకి ఇవతల, సత్యవేణి సంచిలో ఉన్నాను. తీసి, నా మీద ఒక్క చుక్క వేసి, పక్కన తన పెద్ద మిషనుతో పోల్చుకుంటే తేలిపోయేది. అంత చదువుకున్నవాడికి ఒక నింద మోపే ముందు ఆ ఒక్క నిమిషం దొరకలేదు. సరే, ఆయన తెలియక అన్నాడనుకుందాం. తెలిసినవాడు పక్కనే ఉన్నాడు కదా! నేను చిట్టబ్బాయి వైపు చూశాను. ఇప్పుడైనా చెబుతాడు, గొంతు సవరించుకున్నాడు, చెప్పేస్తాడు అనుకున్నాను.

"అలాగేనండి. బాటరీ వీకయ్యుంటాది" అన్నాడు.

పైగా బయటికొచ్చాక ఆయన నడకలో హుషారు చూడాలి. రిపోర్టు బాగా రావడం తన తెలివే అనుకున్నాడు. శివారు చేలకి నీళ్లందినట్టే పెళ్లాం ఒంట్లోనూ తన అబద్ధం పనిచేసిందనుకున్నాడు. నాకు కొత్త బాటరీ వేయించి, "ఇక సరిగ్గా చూపిస్తాదే" అని సత్యవేణికి చెప్పి, మర్నాడు మళ్లీ వంద కలిపాడు. ఆమె నన్ను చేత్తో తడిమి, "దీన్ని నమ్మొచ్చంటారా?" అని అడిగింది. "నన్ను నమ్ము" అన్నాడు. నమ్మింది. ఆమెకి వేరే దారేముంది?

అలా వేసవి సగం గడిచింది. పెళ్లిళ్ల రోజులు, షెడ్డులో పని ఊపిరాడకుండా ఉంది. ఆ పొద్దున్న నేను చూపించింది నూట పద్దెనిమిది. చిట్టబ్బాయి చెప్పింది రెండొందల పద్దెనిమిది. సత్యవేణి గోడ వైపు తిరిగి టిక్కులు ఎక్కువ తిప్పుకుంది, సగం ఇడ్లీ తిని సగం వదిలేసింది, ఈ రోజు ఒక్క రేకు కూడా చిట్లనివ్వకూడదని మొండిగా షెడ్డుకి వెళ్లింది.

ఎండ పూర్తిగా ఎక్కకముందే పడిపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగి, ముఖం రేకుల పళ్లెంలో పడింది. ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఒకావిడ విసనకర్ర తెచ్చింది, ఒకావిడ దిష్టి తగిలిందంది. వరహాలమ్మ మాత్రం సంచి దులిపి నన్ను బయటికి లాగింది. ఆ శిబిరం రోజు తనూ వేలు చాచిన మనిషే కదా, వాడకం గుర్తుంది. సత్యవేణి వేలు పొడిచి చుక్క అంటించింది. నేను నా బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ 'కీ' మనలేదనుకుంటాను.

"నలభై ఒకటి! ఓరి నాయనో, నలభై ఒకటే! పంచదార తెండే!"

ఆ షెడ్డులో పంచదారకి కరువా? చీమ తలకాయంత తిన్నందుకు ఎవరికి శిక్ష పడిందో, ఆ మనిషి నోట్లో వరహాలమ్మ గుప్పెడు పొడి తీసి చెంప లోపల రుద్దింది. మింగే తెలివి రాగానే నీళ్లలో కలిపి చెంచాతో తాగించింది. నా స్ట్రిప్పులు ఒకదాని తర్వాత ఒకటి వాడింది. యాభై మూడు. అరవై తొమ్మిది. ఎనభై దాటాక సత్యవేణి కళ్లు తెరిచి, ఎక్కడున్నానని అడిగింది.

అప్పటికి చిట్టబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులు కూడా లేవు కాళ్లకి. వరహాలమ్మ ఆయన మీద విరుచుకుపడింది.

"ఏం అన్నయ్యా, పొద్దున్న ఎంతుందో చూడకుండా ఇన్సులిన్ పొడిపించేశావా?"

"చూశానమ్మా, చూశాను. ఎప్పుడూ పొడుచుకునేదే కదా."

సత్యవేణి ఒరిగినచోటినుంచే, నీరసంగా, "రెండొందల పద్దెనిమిది ఉందన్నారు. నాలుగు ఎక్కువ తిప్పుకున్నాను, రోజూలాగే" అంది.

"ఎక్కువేంటి?" అన్నాడు చిట్టబ్బాయి. "ఎక్కువ తిప్పుకోవడమేంటే?"

"రెండొందలు దాటితే నాలుగు కలపమన్నారుగా డాక్టరుగారు. రోజూ దాటతానే ఉందిగా."

ఆయన ముఖంలో రక్తం లేదు. ఆ క్షణాన నన్ను పెట్టి చూస్తే నాకూ చుక్క దొరికేది కాదు. "అంత లేదే" అన్నాడు. "నూట పద్దెనిమిదే ఉందే. రోజూ నూట పది, నూట ఇరవై. నేనే... నువ్వు పంచదార తింటన్నావని... నేనే కలిపి చెప్పానే."

పెళ్లయిన దగ్గర్నుంచీ 'మీరు' తప్ప అనని మనిషి, లేచి కూర్చుని, ఆయన గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"నా రగతం గురించి నాకు అబద్ధం చెప్పావా?" అంది. "నా చేతులు పోయాయని ఏడిస్తే పక్కన కూర్చుని ఓదార్చావు. ఓదార్చావు గానీ చెప్పలేదు. కళ్లు దేవుడు తీసుకున్నాడు, సరే. మిగిలింది నువ్వు తీసుకున్నావు."

"నీ మంచికేనే..."

"నా మంచి నన్నడిగావా?"

నాకు ఆ క్షణంలో గర్వంగా ఉందని చెబితే మీరు నన్ను తప్పుపట్టొచ్చు, ఆమె చావు అంచుదాకా వెళ్లొచ్చిన చోట నా పరువు గురించి ఆలోచిస్తానా అని. ఆలోచించాను. అంతమంది ముందు తేలింది కదా, తప్పు నాది కాదని.

ఆ సాయంత్రమే వరహాలమ్మ ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఒక నర్సమ్మ సంగతంతా విని, ఫోనుకి అంకె పంపించే మిషన్లున్నాయని, తెర మీది అక్షరాన్ని తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు మామూలు ఫోన్లోనే ఉంటుందని చెప్పింది. ఫోన్లోనే ఉంటుందట! వాళ్లింట్లో ఆ ఫోను బల్ల మీద పడి పాటలు పాడుతూనే ఉంది ఇన్నాళ్లూ. కళ్లు పరీక్షించినవాళ్లు చెప్పలేదు, మందులు రాసినవాళ్లు చెప్పలేదు, నన్ను చేతిలో పెట్టి ఫోటో దిగినవాడు అసలే చెప్పలేదు. అందరూ 'ఎవరో ఒకరుంటారుగా' అనుకుని ఊరుకున్నారు.

కొత్త మిషను వచ్చేదాకా నన్ను వరహాలమ్మే చదివింది. పొద్దున్నే కాలవ గట్టు వెంట నడిచి వచ్చి, అంకె చెప్పి, ఒక గుక్క కాఫీ తాగి పోయేది. చిట్టబ్బాయి ఆ సమయానికి అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసేవాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. తిండి మామూలైంది, టిక్కులు మామూలయ్యాయి, సత్యవేణి చేతుల వణుకు పోయింది. పళ్లెంలో రేకులు మళ్లీ నిండుగా లేచాయి. ఇంట్లో మాటలు కూడా కాస్త కాస్త మొదలయ్యాయి, మళ్లీ 'మీరు' అనే పిలుస్తోంది. అయినా ఆయన ఊళ్లో ఎవరైనా అడిగితే, "మిషను తప్పు చూపించిందండి" అనే చెప్పేవాడు. నేను గూట్లోంచి వింటూనే ఉండేదాన్ని. పళ్లు లేవు గానీ, ఉంటే కొరికేదాన్ని.

కొత్తది వచ్చింది. నాజూగ్గా, తెల్లగా, నాకంటే పల్చగా ఉంది. నన్ను గూట్లో పై అరకి జరిపారు. అసూయ పడలేదని చెప్పను, నాకు లేని నోరు దానికుంది మరి. మొదటి రోజు పొద్దున్న సత్యవేణి ఫోనుకి తీగ తగిలించి చెవిలో పెట్టుకుంది. వేలు పొడుచుకుంది, తడి వెతికి స్ట్రిప్పు ఆనించింది. కాసేపట్లో ఆమె తల కొంచెం పక్కకి వాలింది. వింటోంది. ఆ ఇంట్లో ఆ అంకె ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె పెదాలు బిగుసుకుని, మళ్లీ విడిపోయాయి. ఎన్నాళ్లకో తన కబురు తన చెవికి నేరుగా వచ్చింది.

చిట్టబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా తెలియనివాడిలా ద్వారబంధం పట్టుకుని, "ఎంతొచ్చిందే?" అని అడిగాడు.

"నలభై ఆరు" అంది సత్యవేణి.

ఆయన ఒక్క అంగలో వంటగదిలో పడ్డాడు. గిన్నెలు దొర్లిన చప్పుడు. పంచదార డబ్బా మూత రాక పళ్లతో పీకినట్టున్నాడు. దోసిలి నిండా పంచదార పట్టుకుని, దారంతా ఒలకబోసుకుంటూ, "నోరు తెరువే, సత్యా, నోరు తెరువు, పడిపోకు, వరాలమ్మా, ఓ వరాలమ్మా" అని కేకలు పెడుతూ వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నూట ఇరవై ఆరండి" అంది ఆమె.

ఆయన వేళ్ల సందుల్లోంచి పంచదార రాలుతోంది.

"గుండె ఆగినంత పనైందా?"

ఆయన తలూపాడు. అది ఆమెకి కనబడదని గుర్తొచ్చి, "ఔనే" అన్నాడు.

"మీకు ఒక్క నిమిషం. నేను వేసంగి సగం అలా బతికాను, రోజూ పొద్దున్నే, మీ నోటెంట విని."

"ఇంకెప్పుడూ చెప్పనే. నీ మీద ఒట్టు, ఆ గోదారి మీద..."

"ఒట్లొద్దు. ఊళ్లోకెళ్లి, మిషను కాదు, నేనే అబద్ధం చెప్పానని చెప్పండి. షాపు ఆయనకీ చెప్పండి, డాక్టరుగారికీ చెప్పండి. ముందు చీపురు తెచ్చి ఈ పంచదార ఊడవండి, చీమలు పడతాయి."

చిట్టబ్బాయి లేచి చీపురు తెచ్చాడు. మోకాళ్ల కింద నలిగిన పంచదార కూడా వదలకుండా ఊడ్చి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని మందుల షాపు వైపు నడిచాడు.